మూడో బెల్టు

ఇంటి ముందుగది నుంచి

గౌరవనీయులైన వదినగారికి,

నమస్కారాలు. మీ చెల్లెలి భర్తగా కాదు, నిలువునా మోసపోయిన ఒక కారు యజమానిగా ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోనులో చెబుదామంటే మీరు వెంటనే "రెండు ముక్కల్లో చెప్పండి" అంటారు. నలుగురికీ ఉపన్యాసకళ నేర్పి బతికేవాడిని, రెండు ముక్కల్లో చెప్పడం నా వృత్తికే అవమానం. పైగా పార్సిలు ఎలాగూ మీ డిపో బస్సులో పంపాలి, ఉత్తరం కూడా అందులోనే పెడుతున్నాను.

మొన్న ఒక కళాశాల వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా వెళ్తుంటే నడిరోడ్డు మీద కారు ముందు భాగంలో ఫట్‌మని శబ్దం వచ్చింది. స్టీరింగు బిగుసుకుపోయింది, ఎర్రదీపం వెలిగింది, కాసేపటికి బానెట్ సందుల్లోంచి పొగలు. ఇంజను ముందు పొడవునా గాడి గాడిగా చారలున్న నల్ల బెల్టు ఉంటుందే, డైనమోనీ నీళ్ల పంపునీ ఏసీనీ అన్నిటినీ తిప్పేది, అది తెగిపోయింది. వేయించి నిండా ఏడాది కాలేదు. ముఖ్య అతిథి పాలవ్యాను ఎక్కి వేదిక చేరుకున్నాడు. నా కోటుకు పట్టిన ఆ విరిగిన పాల కంపు ఇప్పటికీ పోలేదు.

ఇక మా మెకానిక్ సంగతి. అంతకుముందు కొన్నాళ్లుగా బెల్టు కీచుమంటుంటే తీసుకెళ్లి చూపించాను. ఏదో డబ్బా తీసి బెల్టు మీద చిమ్మి, "అరుపు ఆగిందా లేదా సార్?" అన్నాడు. తెగాక అడిగితే, "బెల్టన్నాక అరుగుతుంది సార్" అంటాడు, నా కారు తాళంచెవితోనే చెవిలో గులిమి తీసుకుంటూ. ఆ తాళం మళ్లీ నా చేతికే ఇచ్చాడు! ఇంటికొచ్చి సబ్బుతో రెండుసార్లు కడిగాను, తాళాన్నీ, చేతుల్నీ.

మీరు బస్సు డిపోలో వర్క్‌షాపు మొత్తాన్ని నడిపే ఇంజనీరు. బెల్టును చూసి దాని రోగం చెప్పగలరని మీ చెల్లెలు అంటుంది. పంపుతున్నాను, చూడండి.

మీ చెల్లెలు క్షేమం. ఆసుపత్రి ల్యాబులో రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలంతా తలనొప్పి అంటుంది. ఆసుపత్రివాళ్లకి లేని జబ్బులు ఊహించుకోవడం అలవాటు కదా.

భవదీయుడు,
మీ మరిది


డిపో వర్క్‌షాపు నుంచి

మరిదిగారికి,

పార్సిలు అందింది. బెల్టును మీ బొమ్మ ఉన్న పాత ఫ్లెక్సీ ముక్కలో చుట్టి పంపారు. జిగురు పట్టి అది మీ మొహానికే అతుక్కుపోయింది. బెల్టు మీద మీ మీసం కొంచెం వచ్చేసింది, ఏమీ అనుకోకండి.

ఆ జిగురే మీ మెకానిక్ చిమ్మిన మందు. దాన్ని తాకాక నా చేతులు కిరోసిన్‌తో కడుక్కున్నాను. అసహ్యం! బెల్టు అరుస్తోందంటే ఎక్కడో ఏదో బాగాలేదని. అది వినకుండా నోరు నొక్కేవాడు మెకానిక్ ఎలా అవుతాడు? ఆ మందు మీద దుమ్ము పేరుకుని గాళ్లన్నీ పూడుకుపోయాయి. మా దగ్గర కూడా ఒకడు ఇలాగే చిమ్మితే వాడితో ఆ డబ్బా పాతిపెట్టించాను.

అసలు రోగం ఇంకొకటుంది. బెల్టు ఒక పక్క అంచు పీచులు లేచి ఉంది, రెండో అంచు శుభ్రంగా ఉంది. అంటే బెల్టు తిరిగే చక్రాల్లో ఒకటి వరసలో లేదు, పక్కకి లాగుతోంది. డైనమోను పట్టి ఉంచే బోల్టు వదులై ఉంటుంది. ఆ చక్రాల మీద, అదే పుల్లీల మీద, ఇనుప స్కేలు ఆనించి చూడమనండి, సందు కనబడితే అక్కడే దొంగ. చెవిలో తాళం పెట్టుకునేవాడు కాకుండా ఇంకెవరైనా దొరికితే మంచిది.

చిన్నదాన్ని అడిగానని చెప్పండి. తలనొప్పికి మంచినీళ్లు ఎక్కువ తాగమనండి.

మీ వదిన


ఇంటి ముందుగది నుంచి

గౌరవనీయులైన వదినగారికి,

మీ రోగనిర్ధారణ అద్భుతం. డైనమో బోల్టు నిజంగానే వదులుగా ఉంది. స్కేలు పెట్టి సరిచేయించి, కొత్త బెల్టు వేయించాను. నా తరగతిలో మీ ఉదంతాన్ని "సమస్య మూలానికి వెళ్లడం ఎలా" అనే పాఠంలో చెప్పాను కూడా. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్ల మోత ఆగకముందే రెండో బెల్టు కూడా పోయింది. ఈసారి తెగలేదు గానీ, అద్దంలా మెరుస్తూ బీటలు వారింది. దాన్నీ పంపుతున్నాను, ఈసారి పాత దుప్పటి ముక్కలో.

దీంతోపాటు మరో దరిద్రం. కారులో పెట్రోలు మాయమవుతోంది! ఎవడో గొట్టం పెట్టి నోటితో పీల్చి దొంగిలిస్తున్నాడని నా అనుమానం. ఎంత రోత పని! ట్యాంకు మూతకి తాళం వేయించాను. ఒక తాళంచెవి నా దగ్గర, ఒకటి మీ చెల్లెలి దగ్గర. అయినా మాయమవుతూనే ఉంది. వెనక ఇంటాయన వచ్చి, "మీ షెడ్డులో ఏదో గుర్రుమంటూ ఉంటుంది, మోటారు కట్టేయండి" అని గొడవ. నాకు మోటారే లేదు. ఆయన చెవుల్లోనే ఏదో మోగుతూ ఉండాలి.

ఇక్కడ శిక్షణ మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉంది. ముందుగదిలో ఒక తరగతి, నడిమి గదిలో సాధన చేసేవాళ్లు. వెనకగదిలో నా బహుమతులూ జ్ఞాపికలూ, ఒక పెద్ద స్పీకరూ. నా నమూనా ఉపన్యాసాన్ని రికార్డు చేసి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అందులో తిప్పుతుంటాను. సాధన చేసేవాళ్లకి గొంతు ఎక్కడ పెంచాలో, ఎక్కడ తగ్గించాలో చెవికి పట్టాలి కదా.

మీ చెల్లెలికి ఈమధ్య కారు మీద శ్రద్ధ పెరిగింది. డ్యూటీ నుంచి రాగానే తుడుస్తానని షెడ్డులోకి వెళ్తుంది. ప్రయాణంలో నడుముకు ఆసరాగా వెనక సీట్లో దిండు కూడా పెట్టింది. చూసి ముచ్చటేసింది.

భవదీయుడు,
మీ మరిది


డిపో వర్క్‌షాపు నుంచి

మరిదిగారికి,

ఈ వారం నాకు మనుషులంటేనే ఏవగింపుగా ఉంది. ఒక డ్రైవరు తడి తువ్వాలును ఇంజను ఫ్యాను దగ్గర ఆరేసి మర్చిపోయాడు. అది పీలికలై రేడియేటరంతా అల్లుకుంది. ఉడికిన గుడ్డ వాసన ముక్కులోంచి పోనంటోంది. అందుకే మీకు జవాబు ఆలస్యమైంది.

రెండో బెల్టు అద్దంలా మెరిసిందంటే, చక్రాల మీద జారి జారి కాలిందన్నమాట. బెల్టును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఒకటి ఉంటుంది, దాని స్ప్రింగు చచ్చిపోయి ఉండాలి. దాన్ని మార్పించండి. నీళ్ల పంపు దగ్గర ఎక్కడైనా చెమ్మ ఉందేమో కూడా చూడమనండి. బెల్టు తీసేసి ఒక్కో చక్రాన్నీ చేత్తో తిప్పితే, గరగరమన్నది చెడ్డది, నిశ్శబ్దంగా తిరిగింది మంచిది.

పెట్రోలు సంగతి నాకు పట్టదు. మీరే ఎక్కడికో తిరిగి మర్చిపోతున్నారేమో. ఈసారి బెల్టు పాడైతే, అది వేసినప్పటి నుంచి కారు ఎంత తిరిగిందో మీటరు చూసి రాయండి. అది తెలియకుండా చెప్పడం నాడి చూడకుండా మందివ్వడమే.

చిన్నది నాకు ఫోను చేసి చాలా రోజులైంది. ఒకసారి చేయమనండి.

మీ వదిన


ఇంటి ముందుగది నుంచి

వదినగారికి,

నా సహనం చచ్చిపోయింది. మీరు చెప్పినట్టే టెన్షనర్ మార్పించాను. చెమ్మ లేదు. ప్రతి చక్రం చేత్తో తిప్పించాను, అన్నీ నిశ్శబ్దం. పేరున్న దుకాణంలో మంచి బెల్టు కొని వేయించాను. అదిగో, మూడోది కూడా పోయింది. పార్సిలులో ఉంది.

మీరడిగిన లెక్క చూశాను. ఈ బెల్టు వేశాక కారు దాదాపు కదల్లేదు. సభల కాలం కాదు కాబట్టి నేను బయటికి పోలేదు. అటూ ఇటూ అంగడికి వెళ్లింది, అంతే. తిరగని కారులో బెల్టు అరగడం ఎక్కడి విడ్డూరం? క్షమించాలి, మీ వైద్యం కూడా ఆ తాళంచెవివాడి వైద్యంలాగే ఉందని అనక తప్పడం లేదు. వాడు మందు చిమ్మాడు, మీరు మాటలు చిమ్మారు.

మీ చెల్లెలితో అంటే, "అక్కను ఎందుకు విసిగిస్తారు, ఇక వదిలేయండి" అంది. తలనొప్పి ఇంకా తగ్గలేదట. నేను ఎన్నిసార్లు చెప్పాను, పగలు నిద్ర మంచిది కాదు, లేచి నాలుగు మాటలు మాట్లాడితే మెదడుకు రక్తం పడుతుందని. వినదు.

భవదీయుడు,
మీ మరిది


డిపో వర్క్‌షాపు నుంచి

మరిదీ,

ఇకమీదట నిన్ను 'మీరు' అనడం నావల్ల కాదు.

మూడో బెల్టును బల్ల మీద పరిచి చాలాసేపు చూశాను. అంచులు శుభ్రంగా ఉన్నాయి. మెరుపు లేదు. జిగురు లేదు. కానీ గాళ్లన్నీ ఒకేలా అరిగాయి, ఈ కొస నుంచి ఆ కొస దాకా సన్నటి బీటలు. ఎండిన తోలులా గట్టిపడింది. ఇలాంటి బెల్టు నాకు తెలుసు. దీనికి రోగం లేదు, వయసైపోయింది. కదలని కారులో వయసెలా అయిపోతుందో అర్థం కాలేదు. సిగ్గుతో దాన్ని అరలో పడేశాను.

నిన్న ఊరూరా తిరిగి రక్తం సేకరించే వ్యాను ఒకటి మరమ్మతుకు వచ్చింది. బెల్టు తీశాను. అచ్చం నీ బెల్టే. మీటరు చూస్తే తిరిగింది కొంచెమే. డ్రైవర్ని అడిగితే, "మా బండి నడిచేది తక్కువ మేడమ్, నిలబడేది ఎక్కువ. లోపల ఏసీ కోసం ఇంజను ఆపం. అలా నిలబడటమే బెల్టును తినేస్తది" అన్నాడు. బెల్టుకు కిలోమీటర్లతో పనిలేదు, గంటలతో పని. ఇంజను ఆన్‌లో ఉన్నంతసేపూ అది తిరుగుతూనే ఉంటుంది, బండి కదిలినా కదలకపోయినా. అందులోనూ గాలి ఆడని షెడ్డులో ఉడికిపోతుంది.

అంటే నీ కారులో ఎవరో ఇంజను ఆన్ చేసి గంటల తరబడి కూర్చుంటున్నారు. పెట్రోలు అందుకే పోతోంది. వెనకింటాయన విన్న గుర్రు అదే. ఎవరా అని ఆలోచిస్తూ, మూసిన షెడ్డులో ఇంజను నడిస్తే ఆ పొగకి మనిషే పోతారు కదా, ముందు తలనొప్పితో మొదలవుతుంది కదా అనుకున్నాను.

తలనొప్పి. చిన్నదాని తలనొప్పి.

నీకు ఫోను చేశాను. "తరగతిలో ఉన్నాను" అని పెట్టేశావు. చిన్నదానికి చేశాను, చేశాను, చేశాను. చివరికి ఎత్తింది. మత్తుగా, "బాగానే ఉన్నానక్కా" అంది. దాని మాట వెనక ఇంజను తిరుగుతోంది. బస్సుల మధ్య బతికేదాన్ని, ఆ చప్పుడు నాకు తెలియదా? "ముందు ఇంజను కట్టు, షట్టరు ఎత్తు, బయటికి రా" అని అరిచాను. అది వీధిలోకి వచ్చి వాంతి చేసుకుంది. అంతా ఫోనులో విన్నాను.

ఏడాదిగా దానికి పడుకోవడానికి ఆ వెనక సీటు తప్ప చోటు లేదట. రాత్రంతా ఊరందరి రక్తం పరీక్షించి వచ్చి, మూడు గదుల ఇంట్లో నడుం వాల్చే మూల లేక, షెడ్డులోకి పోయి పడుకుంటోంది. షట్టరు కింద ఇటుక పెట్టేదట గాలికి. ఎవరో వీధి కుర్రాళ్లు తీసేశారట. చివర్లో అది అన్న మాట రాస్తున్నాను, చదువు: "ఆయనకి చెప్పకక్కా, కారు తాళం తీసేసుకుంటారు."

చెబుతున్నాను. నీ మీద నాకు ఎంత అసహ్యం వేస్తోందో చెప్పడానికి నాకు నీలా మాటలు రావు. నా మీద కూడా వేస్తోంది. మూడు బెల్టుల కథ చదివాను, దిండు, తలనొప్పి, షెడ్డు అన్నీ నువ్వే రాశావు. నేను పుల్లీల గురించి అడిగాను.

వెనకగది ఖాళీ చేయించు. స్పీకరు కట్టేసి, మంచం వేయించు. అది పడుకోవాలి. జవాబు ఇదే బస్సులో తిరిగి పంపు.

వదిన


ఇంటి ముందుగది నుంచి

వదినగారికి,

మీ ఉత్తరం చదివి నిర్ఘాంతపోయాను. ఇంత చిన్న విషయం నాతో నోరు తెరిచి చెప్పి ఉంటే సరిపోయేది కదా! భావవ్యక్తీకరణ లోపం వల్ల కాపురాలు ఎలా దెబ్బతింటాయో నేను ఎప్పటి నుంచో చెబుతున్నాను. మీ చెల్లెలు నా ప్రాథమిక తరగతిలో చేరి ఉంటే ఈ పరిస్థితి వచ్చేది కాదు.

అయినా మీ మాట కాదనలేదు. వెంటనే చర్యలు తీసుకున్నాను. వెనకగది మాత్రం సాధ్యం కాదు. జ్ఞాపికలు ఎక్కడ పెట్టను? స్పీకరు తీస్తే సాధన కుంటుపడుతుంది. తల్లిదండ్రులు దాన్ని చూసే పిల్లల్ని చేర్పిస్తున్నారు.

అందుకని షెడ్డుకే కిటికీ కొట్టించాను. ఒక మడత మంచం, ఒక టేబుల్ ఫ్యాను పెట్టించాను. మంచి గాలి వస్తోంది. ఇక ఆమె కారు జోలికి పోనక్కర్లేదు. బెల్టు సమస్య శాశ్వతంగా పరిష్కారమైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. కారు తాళం ముందు జాగ్రత్తగా నా దగ్గరే ఉంచుకున్నాను.

భవదీయుడు,
మీ మరిది


డిపో వర్క్‌షాపు నుంచి

మరిదీ,

నీ ఉత్తరం చదివి కింద పెట్టేశాను, చేతులు కూడా కడుక్కున్నాను. అదే రోజు బస్సెక్కాను.

నేను వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. నువ్వు వీధివైపు వీపు పెట్టి పాఠం చెబుతున్నావు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో, "ఎదుటివారి మాట వినడం ఎలా?" గుమ్మంలో నిలబడి "మరిదీ" అని పిలిచాను. మళ్లీ పిలిచాను. వెనకగదిలో నీ స్పీకరు, ముందుగదిలో నువ్వు. రెండు గొంతుల మధ్య నా పిలుపు నాకే వినబడలేదు. ముందు బల్ల మీది అమ్మాయి నన్ను చూసి చెయ్యెత్తింది. "ప్రశ్నలు చివర్లో" అన్నావు.

షెడ్డులోకి వెళ్లాను. చిన్నది మడత మంచం మీద కళ్లు తెరుచుకుని పడుకుని ఉంది. నీ ఫ్యాను తిరుగుతోంది. "గాలి బాగానే వస్తోంది కదే, నిద్రపోలేదేం?" అంటే, "దీని చప్పుడు చాలదక్కా" అంది. అప్పుడు నాకు అర్థం కాలేదు.

సంచీ సర్దుకుంది. నీ వెనక నుంచే ఇద్దరం నడిచి బయటికి వచ్చాం. నువ్వు తిరగలేదు.

ఇప్పుడు నా దగ్గరుంది. మా ఊరి ఆసుపత్రిలో దానికి పని మాట్లాడాను. వచ్చిన రోజు పడుకున్నది మర్నాడు సాయంత్రం దాకా లేవలేదు. డిపో పక్కనే నా ఇల్లు, బస్సులు రాత్రీ పగలూ పోతూనే ఉంటాయి. వాటి చప్పుడుకి దీనికి మెలకువ రాదు.

నిన్ను రమ్మనడం లేదు. రావద్దనడమూ లేదు. అది అదే చెబుతుంది, నోరు తెరిచి, దానికి చెప్పాలనిపించినప్పుడు.

వదిన


షెడ్డు నుంచి

వదినా,

జవాబు రాయడానికి చాలా నెలలు పట్టింది. రాసినవన్నీ ఉపన్యాసాల్లా ఉంటే చించేశాను.

ఇవాళ బానెట్ ఎత్తి బెల్టు చూశాను. మీరు చెప్పినట్టే అంచులు చూశాను, గాళ్లు చూశాను. ఒక్క బీట లేదు. కొత్తదానిలా ఉంది. పెట్రోలు కూడా పోసింది పోసినట్టే ఉంది. వెనకింటాయన మళ్లీ రాలేదు.

వెనక సీట్లో దిండు అలాగే ఉంది. తీయబోయి, ఎందుకో పక్కన కూర్చున్నాను. పిల్లలు సాధన చేస్తున్న వేళ. షెడ్డు ఇంటికి అంత దూరంగా ఉంది కదా, ఇక్కడ ప్రశాంతంగా ఉంటుందనుకున్నాను. కారు తలుపులు వేసుకున్నాను, అద్దాలు ఎక్కించాను.

నా గొంతు వినబడింది. స్పీకరులోంచి, గోడల్లోంచి, అద్దాల్లోంచి. ఎక్కడ పెంచాలో అక్కడ పెంచుతూ, ఎక్కడ తగ్గించాలో అక్కడ తగ్గిస్తూ. అయిపోతుంది, మళ్లీ మొదలవుతుంది. దిగి టేబుల్ ఫ్యాను వేసి వచ్చాను, దాన్ని దాటుకుని వచ్చింది. దిండు చెవికి అడ్డం పెట్టుకున్నాను. వదినా, దిండులోంచి కూడా వచ్చింది. ఆమె ఇంజను ఆన్ చేసుకుని కూర్చున్నది ఏసీ కోసం కాదు.

కాసేపు ఓర్చుకున్నాను. తర్వాత లేచి షెడ్డు షట్టరు పూర్తిగా ఎత్తి, ముందు సీట్లోకి వచ్చి, నేనే ఇంజను ఆన్ చేశాను.

మీ మరిది